పరదేశి సాగదీసిన పన్నెండు సెంట్లు

ఈ కత నాకు మొదట సెప్పినోడు పరదేశి బావ. చోడవరంలో మా అక్క సన్యాసమ్మప్ప టీ బడ్డీ ముందు బల్లమీద కూకొని సెప్పేడు. జమీందారీ పోయి, సర్కారోళ్లు పొలాలు కొలిసి కొత్త పట్టాలిచ్చిన మరుసటేడు. బెల్లం వండే రోజులు, ఊరంతా పాకం వాసన. అలాటి వాసన మళ్లీ నా ముక్కుకి తగల్లేదు.

"ఒకే పన్నెండు సెంట్లకి రెండు పట్టాలొచ్చేయిరా. పాత పట్టా ఈ సన్యాసమ్మొదినది, కొత్త పట్టా నాది. కొలిసే అమీను తల పట్టుకున్నాడు. నేనన్నాను, పట్టాలు రెండూ నిజవేనండీ, భూమే సాల్లేదు, సాగదీసేద్దారి అని."

"భూమినా?" నా పక్కన టీ తాగుతున్న దాసు గ్లాసు నోటికాడ ఆపేడు.

"మరేటి! అమీను గొలుసు ఒక కొన గట్టుకి కట్టేను, రెండో కొన నా ఎడ్లకి. అదిలించేను. ఆ తర్వాత ఏటయిందో తెలుసా? పొలం ముదురు పాకంలాగ సాగిందిరా! పన్నెండు ఇరవైనాలుగైంది. ఎడ్లు ఆగితేనా? వడ్డాది సంత ఉల్లిపాయల బుట్టల్తో సహా నా గట్టుమీదకొచ్చేసింది. చీడికాడ కొండ అడ్డొస్తే 'కాస్త జరుగు బాబూ' అన్నాను, జరిగింది. కె.కోటపాడు ఆడోళ్లు బిందెల్తో ఎల్తే బావి లేదు, నా సెరుకులో ఉంది!"

"మరి బావి ఇచ్చేసేవా?" అన్నాడు దాసు.

"సెరుకు తడుపుకొని ఇచ్చేసేను."

అప్ప టీ గుడ్డ పిండి పక్కన పెట్టింది.

"అంత సాగితే నా పన్నెండూ ఏ పక్కనుందో సూపించరా పరదేశీ, ఏడాదై ఎతుకుతన్నాను. నీ బెల్లం పొయ్యికి సోటు లేదంటే నా బీడులో పెట్టుకోమన్నాను. పొయ్యి కుంగితే గట్టుమీద సర్వే రాయి పీకి దాని కింద ఎట్టేవు. అమీనొచ్చి, ఆ రాయే హద్దనుకొని గొలుసు అక్కడిదాకా లాగేడు. జరిగింది కొండ కాదురా, రాయి."

"టీలో పంచదార సాల్లేదు," అని బావ లేచెళ్లిపోయేడు.

దాసు పొట్ట పట్టుకొని నవ్వేడు. నాకు నవ్వు రాలేదు. ఆ రాయే హద్దని రాసిన అమీను కాయితం మీద సాక్షి వేలిముద్ర నాది. ఆరోజు అందులో ఏటుందని అడిగితే "మీ అప్ప పొలం బద్రమని రాసుందిరా" అన్నాడు బావ. అది నేను మర్సిపోలేదు, మర్సిపోను.

ఇప్పుడు బావా లేడు, అప్పా లేదు, బెల్లం వండేవోళ్లూ లేరు. రాయి మాత్రం ఆ పొయ్యి కిందే మసి పట్టి ఉంది. సదువుకున్నోళ్లు ఎవరైనా దాన్ని మళ్లీ గట్టుమీద పాతించి, ఆ పన్నెండు సెంట్లు, పదమూడొద్దు, అప్ప కూతురు నూకరత్నం పేర రాయించండి. కాయితం నాకు పైకి సదివి ఇనిపించండి. ఈసారి సంతకం పెడతాను. నేర్సుకున్నాను.