నూకాలు విన్న మాట

“తాతగారూ, లాక్‌డౌన్‌లో స్టేషన్ దగ్గరి వాళ్ళని మన హాల్లో రఖే థే నా, ఉంచారు కదా? అది చెప్పండి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేశాను.”

ఆన్ చేశావా? అచ్ఛా. అది బల్ల మీదే ఉండనీ, నా ముఖం దగ్గరకు తేకు. చెప్పవలసినంత చెబుతాను.

ఆ హాలు నువ్వు ఎరిగినదే, తార్‌బహార్ పేటలో మన తెలుగువాళ్ళు పెళ్ళిళ్ళకీ వ్రతాలకీ కట్టుకున్నది. నీ బారసాల అక్కడే జరిగింది... కాదు, నీది కాదు, మీ అన్నది. నీ నాటికి పైకప్పు మరమ్మతులో ఉంది. మా మేనమామగారు శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి రైల్వే షెడ్డులో పనికి వచ్చిన కాలంలో ఇంటికొక సిమెంటు బస్తా చొప్పున పోగుచేసి లేపిన గోడలవి. బస్తా ఖరీదెంతో ఆయన ప్రతి పెళ్ళిలోనూ చెప్పేవారు. ఇప్పుడు గుర్తు లేదు. సరే, అది వేరే సంగతి.

రైళ్ళు ఆగిపోయాయి. ఈ ఊళ్ళో రైలు కూత వినబడకపోవడమంటే ఏమిటో నీకు తెలియదు, నువ్వు అప్పుడు చిన్నదానివి. ప్లాట్‌ఫారాల మీద బతికేవాళ్ళను బయటకు పంపారు. వాళ్ళను ఉంచడానికి చోటు కావాలని అధికారులు వచ్చారు. నేను అప్పుడు మనవాళ్ళ సంఘం కార్యదర్శిని, తాళాలు నా దగ్గరే ఉండేవి. సరేనన్నాను. దయతో అన్నానని అనుకోకు. ఎదురుగా నిలబడి అడిగితే కాదనలేకపోయాను, అంతే.

ఇరవై ఇద్దరు వచ్చారు. డాక్టరు గుమ్మంలోనే నిలబడి, అందరినీ పద్నాలుగు రోజులు క్వారంటీన్‌లో ఉంచుతామని, ఎవరూ కదలకూడదని హిందీలో చెప్పాడు. అందరికంటే ముందు నూకాలు నిలబడి ఉంది. మన తెలుగు మనిషే, అరవై దాటి ఉంటాయి. భర్త షెడ్డులో కూలి చేసి పోయాడు. అతను బతికినన్నాళ్ళూ ఎవరిదో రైల్వే క్వార్టర్ వెనుక రేకుల కింద ఉన్నారు. ఆ క్వార్టర్‌లో అంట్లు తోమింది, పిల్లల్ని ఎత్తుకుంది. గడప లోపల మాత్రం ఒక్కరోజూ పడుకోలేదు. ఇదంతా నాకు తరువాత తెలిసింది.

రెండోరోజు నలుగురు మగవాళ్ళు వెనుక గోడ ఎక్కబోయారు. పట్టాల వెంట పక్క స్టేషను బిల్హా వైపు నడిచి పోతామన్నారు. నేను అరిచాను, వినలేదు. అప్పుడు నూకాలు వెళ్ళి ఛత్తీస్‌గఢీలో వాళ్ళకేదో చెప్పింది. వాళ్ళు గోడ దిగారు. ఆమె నా వైపు తిరిగింది.

“పద్నాలుగు రోజులు కూకుంటే కోటరు ఇత్తామన్నాడు గదా డాక్టరుబాబు? అదే సెప్పేను. అవునా బాబూ?”

అర్థమైందా? క్వారంటీన్ అన్న మాటను ఆమె క్వార్టర్ అని విన్నది. ఈ రైల్వే ఊళ్ళో బతికినవాళ్ళ చెవికి ఆ రెండో మాటే తెలుసు. అందులోనూ నేను... చూడూ, ముప్పయి ఏళ్ళు నేను చేసిన ఉద్యోగం రైల్వే క్వార్టర్ల కేటాయింపు. ఒక తలుపు మీద నంబరు కోసం మనుషులు ఎంత పడిగాపులు పడతారో నాకంటే ఎరిగినవాడు లేడు.

నేను తల ఊపలేదు. కాదనీ అనలేదు. “ముందు అందరూ కూర్చోండి” అన్నాను.

కూర్చున్నారు. ఆ తరువాత ఒక్కడూ గోడ వైపు చూడలేదు.

మీ నాన్నమ్మ రోజూ మధ్యాహ్నం పప్పూ అన్నం గిన్నెలకెత్తి పంపేది. నూకాలుకు నిజం చెప్పేశారా అని అడిగేది. రేపు చెబుతానన్నాను. మర్నాడూ అదే మాట. వాళ్ళు వెళ్ళిపోతే జబ్బు బస్తీలకు పాకుతుందని డాక్టరు అన్నాడు, అది నిజమే. నిజం కాబట్టే నాకు సులువైంది.

ఈలోగా నూకాలు, రాబోయే ఇళ్ళ కేటాయింపు మొదలుపెట్టింది. చూపులేని ముసలాయనకు కుళాయి పక్క ఇల్లు. దగ్గు మనిషికి చివరిది, గాలి తగిలేలా. మాటామాటా పడని ఇద్దరు ఆడవాళ్ళకు రెండు వేరు వేరు లైన్లలో ఇళ్ళు. తనకు ఏదైనా పరవాలేదట, తలుపు మీద నంబరు ఉంటే చాలట. నేను నా బల్ల దగ్గర రిజిస్టరు ముందు కూర్చుని వినేవాణ్ణి. ఆ కేటాయింపులో నాకు తప్పు కనబడలేదు.

పద్నాలుగో రోజున డాక్టరు వచ్చి అందరూ ఆరోగ్యంగా ఉన్నారని చెప్పి వెళ్ళాడు. నూకాలు అప్పటికే హాలు తుడిచి, తల తడిచేసి దువ్వుకుని, మూట కట్టుకుని నా బల్ల ముందు నిలబడింది.

“మాది ఏ లైను బాబూ?”

అప్పుడు చెప్పాను. అది క్వార్టర్ కాదని, జబ్బు రాకుండా కదలనీయకుండా ఉంచడాన్ని అలా అంటారని. నేను తప్పులేని తెలుగులో చెప్పాను. ఆమె విన్నది.

“మీకెప్పుడు తెలిసింది బాబూ, నాను తప్పు ఇన్నానని?”

“రెండోరోజు.”

కొంతసేపు మూట ముడి సరిచేసుకుంది.

“పోనీలెండి. మీరేటీ అనలేదు గదా. అన్నదాన్ని నాను.”

వాళ్ళకు నేను చెబుతానని లేచాను. వద్దంది. తను అన్నమాట తనే దిద్దుకుంటానంది. వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుని చెప్పింది. ఒకతను నవ్వాడు. ఒకతను మాస్కు తీసి ఆమె కాళ్ళ దగ్గర విసిరాడు. చూపులేనాయన మాత్రం, మరి కుళాయి ఏ పక్కనని మళ్ళీ అడిగాడు. ఆమె ఆయనకు రెండోసారి మొదటి నుంచి చెప్పింది. నేను బల్ల దగ్గరే ఉన్నాను. నా పేరు ఆమె ఎత్తలేదు.

గేటు దగ్గర ఆమెను ఆపి, మా ఇంటి వెనుక గది ఖాళీగా ఉంది, ఉండమన్నాను. వద్దు బాబూ, ఈళ్ళు నా మాట మీదే కూకున్నారు, ఈళ్ళని ఒగ్గేసి రాలేనంది. ముసలాయన చెయ్యి పట్టుకుని స్టేషన్ వైపు నడిచింది. రైళ్ళు మొదలైన తరువాత ఆమె కోసం చాలాసార్లు వెళ్ళి చూశాను. ప్లాట్‌ఫారాలన్నీ... ఇప్పటికీ పొద్దున్నే అటే వెళుతున్నాను కదా, నడకకని మీరనుకుంటారు.

తరువాత సంఘం వాళ్ళు నాకు శాలువా కప్పారు. ఒక్కరికీ జబ్బు సోకలేదని, నా క్రమశిక్షణ వల్లనేనని వేదిక మీద చెప్పారు. అప్పుడూ నేను ఏమీ అనలేదు.

ఏటి, అలా చూస్తావు? ఏడవకు. నీకు ఉద్యోగం వస్తుంది, నీ సంతకం కోసం మనుషులు నిలబడతారు. వాళ్ళకు చెప్పవలసిన మాట నీ నోట ఆ పూటే రావాలి. నిండు నూరేళ్ళూ నీ ఇంటి గడప లోపలే నీకు తెల్లవారాలి. చాలు, ఇక ఆ ఫోన్ ఆపు. ఆగిందా? ఎర్రగా ఇంకా ఏదో వెలుగుతోంది...