కసర్‌కు తెలుగు మాట

వికారాబాద్ స్టేషన్లో తాండూరు బండి కోసం కూర్చున్న ముసలి పంతులుగారికి, తలనిండా రాతిదుమ్ముతో ఉన్న మనిషి వంగి దండం పెట్టి పక్కన కూర్చున్నాడు. పదేళ్ల కిందటి శిష్యుడు.

"లెక్కలల్ల నువ్వే అవ్వల్ గదరా! బండల గనిల పడ్డవేంది? చదువెందుకు బందువెట్టినవ్?"

"బడిల ఉర్దూ తీసి తెలుగు పెట్టిన ఏడు యాదికున్నదా సార్? పావు, అర లెక్కలను ఉర్దూల కసర్ అంటుంటిమి. తెలుగుల ఏమంటరని అడిగిన. మీరు బెంచీ ఎక్కిచ్చిన్రు."

"యాదికున్నది."

"మళ్ల ఎన్నడు చెయ్యి లేపలే. కొన్నాళ్లకు బడే మానేసిన. తప్పు నాదేలే సార్. ఎదురు మాట్లాడినట్టయింది."

ఇన్నేళ్లూ దాచుకున్న మాటను పంతులుగారు ఇక ఆపుకోలేకపోయారు.

"నీది గాదురా. గా మాట నాకే తెల్వది. నేను చదివిందంత ఉర్దూలనే. నలబై మంది పిల్లల ముంగట తెల్వదనేటందుకు నామోషీ అయింది."

శిష్యుడు చేతులకంటిన రాతిదుమ్ము దులుపుకున్నాడు.

"గిప్పటికీ గట్లనే సార్. గనిల మేస్త్రి కొలత తప్పు చెప్తడు. తెలుస్తది, నోరు లేవదు."

"కసర్‌ను తెలుగుల భిన్నమంటరు. గా దినం మాపటికే ఒకలనడిగి తెలుసుకున్న. నీకు చెప్పనే లేదు."

దూరంగా బండి కూత వినిపించింది.

"ఇంకేమన్న అడుగురా. ఇప్పుడు చెప్త."

అతని కుడిచెయ్యి భుజం దాకా లేచి, మళ్లీ ఒళ్లోకి దిగిపోయింది.

"ఏం లేదు సార్. బండొచ్చింది."