రెండో చేతిరుమాలు

అవి 1969 తెలంగాణ ఉద్యమ ఊరేగింపుల రోజులు. దిల్‌సుఖ్‌నగర్ కిరాయి ఇంట్లో యెహెజ్కేలు చెప్పులు విడవకముందే భార్య ఎస్తేరు చెయ్యి చాచింది. ఊరేగింపులో పోలీసుల మీద విసరడానికి రాళ్లు పోగెయ్యడం లేదని అతను రోజూ సంచి తెరిచి చూపించాలన్నది వాళ్ల ఒప్పందం.

"సంచి ఇటు తే."

"ఆగు జర. పేపర్ల చూసినవా? కొత్త అణు ఒప్పందంల బాంబులు లేని దేశాలు అన్నీ తెరిచి చూపియ్యాల్నంట. ఉన్నోళ్లు చూపియ్యరంట. గందుకే మన దేశం దాని మీద సంతకం పెట్టలే."

"అయితే?"

"రోజూ నా సంచేనా? ముందుగాల నీది చూపియ్యి."

"నా దాంట్ల ఏముంటది? నేను దిద్దే బడిపిల్లల కాపీలు."

ఆమె సంచిని వెనక్కి దాచుకోవడం చూసి అతనికి నవ్వొచ్చింది. మెల్లగా అందుకుని విప్పాడు. లోపల ఒక ఉల్లిగడ్డ, రెండు చేతిరుమాళ్లు.

"ఏందివి?"

"పోలీసోళ్ల పొగకు కండ్లు మండకుండ. రేపు ఊరేగింపుకు నువ్వు ఎట్లయిన పోతవు గద."

"మరి రెండో రుమాలు ఎవరికి?"

"రేపు బడికి సెలవు పెట్టిన."

 అతను తన సంచిని ఆమె ముందు బోర్లించాడు. పిడికెడంత రాయి దొర్లిపడింది.

"ఇదేందయ్యా!"

"ఇంట్లనే ఉండనీ. రేపు నా చెయ్యి ఖాళీగుండాలె, నిన్ను పట్టుకోనీకి."