కప్పలదిబ్బ వారి ఇంటిపేరు

జర్మనీలోని వెస్ట్‌ఫాలియాలో ఒక పల్లె. పెళ్ళికి ముందురోజు, మధ్యాహ్నం తిరిగిన వేళ. పోగెన్‌బ్రింక్ వారి వంటింట్లో తెక్లా, ఆమె మేనకోడలు ఫెన్యా ఉడికిన బంగాళాదుంపలు వలుస్తున్నారు.

"తొక్క అంత మందంగా తీస్తావేమే? సగం దుంప బుట్టలోకే పోతోంది."

"మాట మార్చకు అత్తా. పొద్దున రేడియోకి ఫోన్ చేసింది నువ్వా కాదా?"

"ఏ రేడియో?"

"మనింట్లో ఎన్ని రేడియోలున్నాయి? నేను సెలూన్‌లో కూర్చుని రేపటికి జుట్టు చుట్టించుకుంటున్నాను. నాతోబాటు ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళున్నారు. పేర్ల ప్రొఫెసర్ కార్యక్రమం వస్తోంది. అందులో ఒక గొంతు, 'మాది చాలా పాత ఇంటిపేరండీ, పుట్టుపూర్వోత్తరాలు చెప్పండి' అంటోంది. ఆవిడ టెలిఫోన్‌లో మాట్లాడుతున్నట్టు లేదు, పొలం అవతలివాళ్ళని పిలుస్తున్నట్టుంది."

"నా పేరు బయటికి రాకూడదని వాళ్ళకి ముందే చెప్పాను."

"పేరుకి అర్థం అడగడానికి ఫోన్ చేసి పేరు రాకూడదంటే ఎలా?"

"అందరూ విన్నారా?"

"జుట్టు ఆరబెట్టే యంత్రాలు ఆపించి మరీ విన్నారు."

"కప్పల సంగతి కూడానా?"

"దానికే ఎక్కువ నవ్వారు. 'పోగె' అంటే కప్ప, 'బ్రింక్' అంటే గట్టు, చిత్తడి నేల పక్కన కాస్త మిట్ట, వెరసి కప్పలదిబ్బ అని ఆయన ఓపిగ్గా చెబుతుంటే నువ్వేమన్నావు?"

"ఏదో అన్నాలే."

"'మీరు ఇంకోసారి చూడండి, కోటలూ గుర్రాలూ ఏమైనా తగులుతాయేమో' అన్నావు."

"చూస్తే ఆయన సొమ్మేం పోయింది? మన దిబ్బ మీద కప్పలెక్కడున్నాయి?"

"మరి ఇప్పుడు అరుస్తున్నవేమిటి?"

"అవి కంచె అవతల ఊలెన్‌కాంప్ వాళ్ళ గుంటలోవి."

"అరుపు మాత్రం మనకి. స్కూల్లో నేను లేచి హాజరు పలికితే చాలు, వెనక బెంచీ అంతా బెకబెక. నాకు ఆ ప్రొఫెసర్ చెప్పాలా అర్థం?"

"మంచి మాట కూడా ఒకటి చెప్పాడు. అది మాత్రం విని ఉండవు."

"విన్నాను. దేశం మొత్తం మీద టెలిఫోన్ పుస్తకాల్లో పోగెన్‌బ్రింక్‌లు మూడే మూడు. 'ఎంత అపురూపమో చూడండి' అన్నాడు పాపం. అందులో ఒకటి ఈ వంటింటి ఫోను, ఇంకొకటి పశువుల కొట్టంలోది అని ఆయనకేం తెలుసు."

"మూడోది బ్రేమెన్‌లో పళ్ళ డాక్టరు."

"ఆయన ఫోన్ చేస్తే ఎత్తుతాడా?"

"ఎత్తడు. కిందటి చలికాలం పోయాడు. నేను పూలు పంపించాను."

"మనకి ఏమవుతాడు?"

"ఏమీ కాడు. కానీ ఆ పేరుతో ఇంకెవరు పంపిస్తారే? అదే నేను చెప్పేది. ఇంక మిగిలింది నువ్వూ నేనూ. రేపు ఆ రిజిస్ట్రారు ఆఫీసులో నువ్వు సంతకం పెట్టి మ్యూలర్ అయిపోతే నేనొక్కదాన్ని. నా తర్వాత ఈ ఇంటిమీద ఆ పేరు ఉండదు."

"అత్తా, దుంప నలిగిపోతోంది."

"నలగనీ. 'ఇంట్లో ఎప్పుడూ ఒక పోగెన్‌బ్రింక్ ఉండాలి' అని మా నాన్న పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని చెప్పాడు."

"పోతూ పోతూ పందులకి మేత పెట్టారా అని అడిగాడన్నావు."

"అది తర్వాత. ముందు ఇది."

"నేనేం తప్పు చేస్తున్నానని? అందరూ మొగుడి పేరు పెట్టుకోవడం లేదా?"

"పెట్టుకోదగ్గ పేరైతే పెట్టుకో. మ్యూలర్ కూడా ఒక పేరేనా, మర ఆడించేవాడని? ఊరికో పిండిమర, మరకో మ్యూలర్, వాడికి పది మంది పిల్లలు. రాయి విసిరితే మ్యూలర్‌కి తగులుతుంది. తప్పిపోయిందంటే, ఆ విసిరినవాడు మ్యూలర్ అన్నమాట."

"అదే నాక్కావాలి. ఆ గుంపులో కలిసిపోయి హాయిగా ఉంటాను. డాక్టరు దగ్గర నా పేరు పిలిస్తే తలలన్నీ ఇటు తిరగవు. ఒక్కసారి బస్సులో టికెట్టు లేకుండా దొరికితే సాయంత్రానికి నీకు తెలిసిపోయింది గుర్తుందా? ఫెన్యా మ్యూలర్ దొరికితే ఏ ఫెన్యా, ఏ మ్యూలర్ అని వాళ్ళే తల పట్టుకుంటారు."

"టికెట్టు కొనుక్కోవచ్చుగా?"

"పేరు మార్చుకోవడం చవక."

"పెళ్ళికొడుకునే, ఆ మాల్టెనే మన పేరు పెట్టుకోమందాం. చట్టం ఒప్పుకుంటుంది. నేనడుగుతాను."

"అడగొద్దు. ఈ ఊళ్ళో ఇల్లరికం వచ్చినట్టు ఉందని అసలే వాడు ముడుచుకుపోతున్నాడు."

"మంచి పిల్లాడు. ఈస్టర్ నుంచి ఇంట్లో ఉంటున్నాడు, ఒక్కరోజు నా కంటే ఆలస్యంగా లేవలేదు. వాడి పేరే నాకు నచ్చనిది."

"నీకు ఏ పేరూ నచ్చదు. పక్కింటి ఊలెన్‌కాంప్ ఆల్విన్ గారిని ఇరవై ఏళ్ళుగా గేటు బయటే నిలబెట్టావు."

"ఇప్పుడు ఆల్విన్ మాట ఎందుకు?"

"సలాడ్‌లోకి ఈ గుడ్లు ఎక్కడివి?"

"కోళ్ళు పెట్టాయి."

"మనకి కోళ్ళు లేవు అత్తా."

"ఉల్లిపాయలు తరుగు."

"తరుగుతాను. నువ్వు ఏడవడానికి నెపం కావాలిగా. ఆయన నిన్ను పెళ్ళికి అడిగింది నిజమా కాదా?"

"అడిగాడు. ఆయన వాళ్ళ ఇల్లు వదిలి రాలేడు, అక్కడ ఇంకెవరూ లేరు. నేను ఈ ఇల్లు వదల్లేను, ఇక్కడ పేరు నిలబెట్టేవాళ్ళు లేరు. మధ్యలో ఒక కంచె. అంతే కథ."

"కంచె ఎంత ఎత్తుంటుంది, మోకాలెత్తు."

"నువ్వు చిన్నపిల్లవి. నీకు తెలీదు."

"నాకు రేపు పెళ్ళి."

"అందుకే అన్నాను. చూడు, తలుపు దగ్గర మాల్టె. వాడి చేతిలో అదేమిటి?"

"చేతులు కడుక్కునే సింకు. పెళ్ళి ముందురాత్రి శుభానికని గుమ్మం ముందు పింగాణీ, కుండలు పగలగొట్టాలి కదా, దానికి వాళ్ళ ఆఫీసువాళ్ళు ఇచ్చారట. జాగ్రత్త మాల్టె, గుమ్మం. అక్కడ పెట్టు. ఏమైంది, మొహం అలా ఉంది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే మొహం అలా ఎందుకుంటుంది?"

"ఫెన్యా, మనం పెళ్ళయ్యాక పట్నం వెళ్ళిపోదాం. డోర్ట్‌మండ్‌లో నా గది ఇంకా ఖాళీ చెయ్యలేదు."

"ఏమన్నావు అబ్బాయ్?"

"మీమీద కోపం కాదు అత్తగారూ. మీరు నన్ను బాగా చూసుకుంటున్నారు. ఈ ఊరితోనే నా బాధ. ఎంతకాలమని నవ్వుకుంటూ పడను?"

"ఎవరేమన్నారు? మ్యూలర్‌వని అన్నారా?"

"అలా అంటే సంతోషించేవాణ్ణే. ఒక్కరూ అనరు. ఇప్పుడు బేకరీకి వెళ్ళాను, రాత్రికి రొట్టెలు చెప్పాం కదా. మ్యూలర్ పేరు మీద చెప్పాను. ఆవిడ వెతికి, ఆ పేరుతో ఏమీ లేవంది. వెనక నుంచి వాళ్ళాయన అరిచాడు, 'మన పోగెన్‌బ్రింక్ మాల్టె వచ్చాడే, ఇచ్చెయ్' అని."

"ఏమని అరిచాడు?"

"మీరూ నవ్వుతున్నారా అత్తగారూ?"

"నవ్వడం లేదు. ఏమని అరిచాడో ఇంకోసారి చెప్పు."

"పోగెన్‌బ్రింక్ మాల్టె అని. వాడొక్కడే కాదు, పోస్టు తెచ్చేవాడూ అంతే. ఊరి అగ్నిమాపక దళంలో నేనూ చేరాను కదా, అక్కడ నా హెల్మెట్ తగిలించే మేకు కింద అదే పేరు రాసి పెట్టారు. పశువుల డాక్టర్‌కి గట్టిగా చెప్పాను, 'అయ్యా, నేను మ్యూలర్‌ని' అని. ఆయన నా భుజం తట్టి, 'ఈ పోగెన్‌బ్రింక్‌లు మొదటి నుంచీ మొండివాళ్ళే' అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు మాల్టె? నాకు ఒక్క ముక్క తెలీదు."

"ఏమని చెప్పను ఫెన్యా? ఊరంతా కలిసి నన్ను ఇల్లరికపు అల్లుడని వెక్కిరిస్తున్నారు, పైగా కప్ప అంటున్నారు అని చెప్పనా? మీ ఇద్దరి ముందూ ఒక్కడూ అనడు. వెక్కిరింపు కాకపోతే చాటుగా ఎందుకు?"

"అత్తా, ఏమైంది? కూర్చో. కుర్చీ ఇటు ఉంది."

"ఆ సారా సీసా ఇలా అందుకో."

"సాయంత్రానికని దాచావు కదా?"

"అందుకో అన్నాను. మూడు గ్లాసులు. అబ్బాయ్, ఇటు రా, నా ఎదురుగా కూర్చో. ఈ ఊళ్ళో ఇంటిపేరు మనిషిది కాదు, ఇంటిది. ఆ ఇంట్లో ఎవరు లేచి పశువుల్ని చూసుకుంటే వాళ్ళకి వస్తుంది. పూర్వం కాగితాలు కూడా ఇంటి వెనకే నడిచేవి, అల్లుడు వచ్చినా, దత్తు వచ్చినా గడప దాటగానే ఆ ఇంటి పేరే. తర్వాత ప్రభుత్వం వాళ్ళు కాగితాల్లో అలా కుదరదన్నారు. ఊరు మాత్రం ఆ మాట చెవిన పెట్టలేదు."

"అంటే వెక్కిరింపు కాదా?"

"వెక్కిరింపా? ఈ ఫెన్యా వాళ్ళమ్మ ఈ ఇంట్లో తొమ్మిదేళ్ళు కాపురం చేసింది. కాగితాల మీద పోగెన్‌బ్రింకే. ఊళ్ళో చివరిదాకా 'ఆ పట్నం ఆవిడ' అన్నారు తప్ప ఇంకోమాట అనలేదు. తెల్లవారుజామున కొట్టంలో దీపం వెలిగించింది లేదు మరి. నీకు కూడా ఇవ్వరనే అనుకున్నాను. అందుకే కాగితంలోనైనా నిలబడితే చాలని దీని ప్రాణం తీస్తున్నాను."

"మరి మీ ముందు ఎందుకు అనలేదు?"

"ఇంటి పెద్దది కూర్చుని ఉండగా దాని ఎదురుగా ఇంకొకర్ని ఆ పేరుతో పిలవడం మర్యాద కాదు. ముందు నేను పిలవాలి."

"అయితే పిలువు అత్తా. సీసా పట్టుకుని చూస్తావేం?"

"ఉండవే, ముందు గ్లాసుల్లో పొయ్యనీ. పోగెన్‌బ్రింక్ మాల్టె, గ్లాసు ఎత్తు."

"ఎత్తాను. కానీ అత్తగారూ, రేపు ఆఫీసులో కాగితాల మీద..."

"కాగితాల్లో మ్యూలర్ అవనీ, మైయర్ అవనీ, మీ ఇష్టం. ఇది హాయిగా టికెట్టు లేకుండా బస్సులు ఎక్కుతుంది. పేరు ఇంట్లోనే ఉంది. ఊరు ఇచ్చేసింది, ఇంక వెనక్కి తీసుకోదు. డోర్ట్‌మండ్ గది సంగతేమిటి?"

"రేపే తాళాలు ఇచ్చేస్తాను. పెళ్ళయ్యాక."

"ముందే ఇచ్చెయ్."

"సరే, ముందే. అసలు నాకు ఆ పేరు బాగానే ఉంది అత్తగారూ. మా ఆఫీసులో నాలాంటి మాల్టె మ్యూలర్ ఇంకొకడున్నాడు. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర వాడనుకుని నా పన్ను పీకబోయారు."

"పళ్ళ డాక్టర్లలో మనవాడొకడు ఉండేవాడు, బ్రేమెన్‌లో. ఆయన అలా చేసేవాడు కాదు. అది సరే, ఈ పిలుపు మొదలుపెట్టింది ఎవరు? ఊరికే ఎవరి నోటా రాదు అది. ఒక పెద్దమనిషి మొదట అనాలి."

"ఏప్రిల్‌లో దూడ అడ్డం తిరిగిన రోజు గుర్తుందా? డాక్టరు దొరకలేదు, ఆల్విన్ గారు కంచె దాటి వచ్చారు. ఇద్దరం తాడు పట్టుకుని లాగాం. దూడ బయటపడ్డాక ఆయన చేతులు తుడుచుకుంటూ, 'బాగా లాగావు పోగెన్‌బ్రింక్' అన్నారు. మర్నాటికి పోస్టువాడు అన్నాడు. ఆ వారంలోనే బేకరీ."

"ఆల్వినా?"

"ఆయనే. ఇప్పుడు ఆలోచిస్తే, ఎక్కడికి వెళ్ళినా నాకంటే ముందు ఆయన వెళ్ళి వచ్చినట్టే ఉండేది. అగ్నిమాపక దళం దగ్గర మేకు కొట్టింది కూడా ఆయనే."

"అత్తా, నీ చెవులు ఎర్రబడ్డాయి."

"సారా ఘాటు."

"నువ్వింకా తాగలేదు."

"ఇరవై ఏళ్ళు ఒక్కమాట మళ్ళీ అడక్కుండా గుడ్లు మోసుకొచ్చాడు. కదలని రాయి అనుకున్నాను. ఏప్రిల్ నుంచి ఊరంతా తిరిగి నా అడ్డం తొలగిస్తున్నాడే ఈ మనిషి."

"ఈ ఇంటికి ఒక పోగెన్‌బ్రింక్ దొరికితే నువ్వు ఇల్లు వదిలి రాగలవని. అత్తా, నువ్వు నవ్వుతున్నావా ఏడుస్తున్నావా?"

"ఉల్లిపాయలు."

"ఉల్లిపాయలు నేనింకా తరగలేదు."

"మాల్టె, కిటికీలోంచి చూడు, గేటు దగ్గర ఎవరో ఉన్నారా?"

"ఆల్విన్ గారే అత్తగారూ. చంకలో ఒక పెద్ద పూలకుండీ ఉంది, పగలగొట్టడానికేమో. ఇంకా సాయంత్రం కాలేదు కదా, ఇప్పుడే వచ్చేశారు. లోపలికి రావడం లేదు, అక్కడే నిలబడ్డారు."

"వెళ్ళి లోపలికి రమ్మను. ఉండు, నువ్వు వద్దు, నేనే వెళ్తాను. ఫెన్యా, ఈ ఏప్రాన్ ముడి విప్పు. నా జుట్టు ఎలా ఉంది?"

"బాగుంది. ఏం చెబుతావు ఆయనకి?"

"ఏముంది, అప్పుడు అడిగిన దానికి జవాబు. అలా గెంతకే, దుంపలు దొర్లుతాయి."

"గెంతక? ఊలెన్‌కాంప్ తెక్లా! అంటే గుడ్లగూబల పొలం. కప్పలదిబ్బ కంటే ఒక మెట్టు పైనే. మాల్టె, విన్నావా, మా అత్తకి ఎంత గొప్ప పేరు వస్తోందో? రేడియో ప్రొఫెసర్‌కి మళ్ళీ ఫోన్ చేద్దాం."

"ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యరు. ఊలెన్‌కాంప్ అనేది వాళ్ళ ఇంటి పేరు, ఊళ్ళో పిలవడానికి."

"మరి కాగితాల మీద?"

"కాగితాలతో నీకేం పని?"

"అత్తా."

"నవ్వనని ఇద్దరూ మాటివ్వండి."

"ఇచ్చాం. ఇంక చెప్పు."

"వాళ్ళ నాన్న ఆ ఇంటికి ఇల్లరికం వచ్చినవాడు. కాగితాల మీద ఆల్విన్ కూడా... మ్యూలరే."