కాసులమ్మ పెద్దత్త బోణీ

కాదు బెన్‌హర్ బావా, నవ్వకు. నవ్వకని సెప్తన్నానా! నీకేటి, పొద్దున్నే షట్టరు ఎత్తేసరికి నీ నెట్ సెంటర్లో కుర్చీలన్నీ నిండిపోతన్నాయి. గంటకింతని తీసుకుని దర్జాగా కూకుంటన్నావు. ఆ వచ్చేవాళ్ళంతా ఎవరు? మా అత్తోరి సుట్టాలే కదా! వాళ్ళంతా కలిసి నన్ను నిలువునా ముంచేత్తన్నారని నీకు తెలుసా?

ఏటి... తెలుసా?

తెలిసి ఊరుకున్నావా! ఒక్క బెంచీ మీద కూకుని సదువుకున్నాం కదా బావా, ఒక్క మాట సెప్పకూడదా? బేరం పోద్దని భయమా? సర్లే, నీ తప్పు కాదు. ఇదంతా నా నోటి దూల. నా నోరే నన్ను ఇక్కడికి తెచ్చింది.

ఉండు, టీ వద్దు. ముందు సెప్పనీ.

ఆ బెంగుళూరు కంపెనీవాడి సైట్ నువ్వే కదా సూపించేవు నాకు? నాలుగు కొట్లవాళ్ళ సరుకు బొమ్మలు పక్కపక్కన పెడతాడు, కింద రేటు రాత్తాడు. ఎవరైనా మన బెల్లం దిమ్మ బొమ్మ మీద నొక్కితే మన సైట్‌లోకి వత్తారు. నొక్కినందుకు మన డిపాజిట్‌లోంచి వాడు కొంత కోసుకుంటాడు. కొన్నా కోతే, కొనకపోయినా కోతే. రోజుకి ఇంతకి మించి కొయ్యకురా అని మనమో హద్దు పెట్టుకున్నాం. ఆ హద్దు దాటిందా, ఆ రోజుకి మన బొమ్మ మాయం. బావుంది. ఇంతవరకూ బావుంది.

మా మామ త్రినాధరావుకి ఇదంతా ఎలా సెప్పమంటావు? మార్కెట్ యార్డులో పొద్దున్న ఏలం పాట పాడి, వేలితో గీరి, నాలిక మీద ఏసుకుని బెల్లం రేటు సెప్పే మనిషి. ఆయనకి క్లిక్కంటే ఏటి తెలుత్తాది? అందుకని నేనేటి సెప్పేను? "మామా, ఆ బొమ్మ మీద నొక్కడం అంటే మన కొట్టు గుమ్మం ఎక్కినట్టే" అన్నాను.

అంతే. మొహం ఎలిగిపోయింది. "గుమ్మం ఎక్కితే సాల్రా, ఆ పైన నేను సూసుకుంటాను" అన్నాడు.

డబ్బు కోసుకుంటాడన్న సంగతా? నెలకింత అద్దెలాగ కట్టాల అని సెప్పేను. మరేటి సెప్పమంటావు? గుమ్మం తొక్కినోడికల్లా మనం ఎదురు డబ్బులివ్వాలంటే మా మామ ఒప్పుకుంటాడా? నన్నూ, నీ కంప్యూటర్నీ కలిపి గోనెలో కట్టి శారదా నదిలో పడేత్తాడు.

అప్పుడు అడిగేడు, "మరి బోణీ?" అని.

కొత్త కొట్టు కదా! బోణీ ఎవరు సెయ్యాలి? ఇంకెవరు, మా అత్తగారి అక్క, కాసులమ్మ పెద్దత్త. ఆవిడ సెయ్యి మంచిదని మా మామకి అంత గురి. రోజూ పాట మొదలవ్వకముందే ఆవిడొచ్చి అరచేతిలో పట్టేంత ముక్క కొనుక్కెళ్ళాలి. ఓపాలి ఆవిడ జొరంతో పడుకుంటే, తాళం తియ్యకుండా అరుగు మీద కూకుని, రిక్షా పంపించి తెప్పించేడు. దుప్పటి కప్పుకుని వచ్చి బోణీ సేసి ఎల్లింది పాపం!

సరే, ఒక్క నొక్కే కదా అని నేనే తీసుకొచ్చేను. నీకు గుర్తుండే ఉంటాది. మౌస్‌కి పసుపు రాసేసింది. నువ్వు తుడుసుకున్నావు.

అక్కడితో ఆగితే నాకీ గతి పట్టునా? "మన శ్రీహరి కంప్యూటర్లో కొట్టు పెట్టేడు, మీరు గుమ్మం తొక్కేరా?" అని వీధి వీధంతా అడిగింది ఆవిడ. సుట్టం కొట్టు పెడితే తొక్కకపోతే ఎలా? మొహం సాటేసినట్టు అవదూ? ఇంక మొదలెట్టేరు. తోడికోడళ్ళూ, వియ్యపురాళ్ళూ, రావికమతం నుంచి సంతకొచ్చినోళ్ళూ! నిన్న యార్డు పని తొందరగా తెమిలితే ఇటొచ్చేను కదా, మెట్ల మీద ఆ సెప్పులు సూసి, ఇదేటి, ఎవరైనా పోయేరా అనుకున్నాను!

లోపలికొత్తే ఒకావిడ అంటంది, "ఇది నా పేర. ఇది మా ఆయన పేర. ఇది ఇశాఖపట్నంలో ఉన్న మా మనవరాలి పేర." టక్కు, టక్కు, టక్కు. నా పేణం ఒక్కో టక్కుకీ ఒక్కో మెట్టు దిగిపోతంది బావా.

వాళ్ళు నీ టీ తాగి కిందకి దిగేసరికి మన బొమ్మ మాయం. అసలు కొనేవాళ్ళు ఆఫీసులకెళ్ళి, కంప్యూటర్లు తీసి, బెల్లం కావాలని ఎతికేసరికి మనం లేం. పక్కోడి బెల్లం ఉంటాది. పచ్చగా, మందేసిన బెల్లం. మనది రోలుగుంట నుంచి ఏరి తెచ్చిన నల్లబెల్లం, మందన్నది తగలనిది, అది కనపడదు.

నేను ఊహించి సెప్పడం లేదు. పూనా నుంచి ఒకావిడ రాసింది మొన్న. పొద్దున్న మన బొమ్మ సూసిందట, నువ్వుల ఉండలకి బావుంటాదని మనసులో పెట్టుకుందట. ఇంటి పని సూసుకుని మధ్యాన్నం కొందామని ఎతికితే లేదట. ఎలాగో మెయిల్ అడ్రసు సంపాదించి, "కొట్టు మూసేసేరా?" అని రాసింది. ఆ మాట సదివితే నాకు కళ్ళంట నీళ్ళు తిరిగేయి, నిజం.

ఆవిడకైతే మన సైట్ అడ్రసు పంపించేను. కొనుక్కుంది కూడా. ఇన్నాళ్ళకి అదొక్కటే అసలు బోణీ. ఆవిడ రాసింది గనక తెలిసింది. రాయకుండా పక్కోడి దగ్గర కొనుక్కున్నోళ్ళు ఎంతమందో! అంటే నేను అనుకున్నది తప్పు కాదు బావా. మన సరుకు కావాల్సినోళ్ళు ఉన్నారు. నేనే వాళ్ళకి కనపడటం లేదు.

ఏటీ? పేజీ బొమ్మ ఒకటి తీసి నీ కంప్యూటర్లో పెట్టేత్తావా? దాని మీద నొక్కుకుంటారు, డబ్బు పోదు అంటావు?

నేను ఆలోచించలేదనుకున్నావా!

అక్కడే ఉంది ఉరి. సాయంత్రం కొట్టు కట్టేసేటప్పుడు మా మామ రోజూ అడుగుతాడు, "ఇయ్యాల ఎంతమంది ఎక్కేర్రా గుమ్మం?" అని. కంపెనీవాడు పంపిన లెక్క సెప్తాను. ఆయన దాన్ని పట్టుకెళ్ళి యార్డంతా సాటుకుంటాడు. ఇన్నాళ్ళూ నేనూ అదే నమ్మేను. బొంబాయి వాళ్ళూ, పూనా వాళ్ళూ అనుకుని మురిసిపోయేను. నిన్న గదా తెలిసింది, ఆ బొంబాయంతా మా వీధే అని!

ఇప్పుడు వీళ్ళ సేత ఉత్తుత్తి బొమ్మ నొక్కించేనే అనుకో. సాయంత్రం లెక్క ఎంత వత్తాది? ఇద్దరో, ముగ్గురో. "జనం తగ్గిపోయేరు, మూసెయ్" అంటాడు. ముందే అనేసేడు, "ఉగాది దాకా సూత్తాను, జనం పలసబడితే మూసీసి కాటా దగ్గర కూకో" అని. నొక్కనిత్తే డబ్బు అయిపోయి మూతపడతాది. నొక్కనివ్వకపోతే లెక్క పడిపోయి మూతపడతాది. ఎటు తిప్పినా తలుపు ఒక్కటే బావా. అది బయట్నుంచి గడియ పెట్టేసుంది.

నిజం సెప్పెయ్యమంటావు. నీకేటి, ఆదివారం పూట చర్చిలో మోకాళ్ళేసి సెప్పీసుకుంటావు.

సెప్పబోయేను. నిన్న ఇక్కణ్ణుంచి తిన్నగా యార్డుకే ఎల్లేను. "మామా, వీళ్ళు నొక్కడం..." అని మొదలెట్టేను. సుట్టూ కొనుబడిదార్లు ఉన్నారు. ఆయన నా భుజం మీద సెయ్యేసి, "ఈడు మా శ్రీహరి. దేశంలో జనమంతా మా కొట్టు గుమ్మం ఎక్కుతున్నారంటే ఈడి సలవే" అన్నాడు.

మా శ్రీహరి అన్నాడు బావా! ఇల్లరికం వచ్చిన కాణ్ణుంచి ఆ నోట ఆ మాట ఇన్లేదు. "మా సిన్నారి మొగుడు" అంటాడు, లేపోతే "ఒరే" అంటాడు. కాటా దగ్గర కూకుంటే రేటు ఆయన సెప్తాడు, బరువు ముల్లు సెప్తాది. నేను నోరిప్పాల్సిన పనే లేదు. నేను సెప్పిన మాట నిలబడింది ఇదొక్కటే. అది తప్పని నా నోటితో నేనే సెప్పాలా? అంతమందిలో ఆయన్ని నవ్వులపాలు సెయ్యాలా?

సెప్పలేకపోయేను. "ఏట్రా అంటన్నావు?" అంటే, "ఏటీ లేదు మామా, ఎండగా ఉంది" అన్నాను.

ఇంటికెళ్ళి సిన్నారికైనా సెబుదామని కూకున్నాను. అది ముందే మొదలెట్టింది, "నాన్న నీ గురించి ఇలా అన్నాడంట గదా" అని, ఒకటే సంబరం. ఇంకేటి సెప్పను? అందరూ నా మంచికే సేత్తన్నారు. ఒక్కడైనా సెడ్డకి సేత్తే తిట్టి అవతల పారేద్దును.

ఉస్... మెట్ల మీద సప్పుడు. పెద్దత్తే. ఆ మోకాళ్ళతో ఇన్ని మెట్లు ఎలా ఎక్కుతాదో! ఏటి, సేతిలో అది? పెసాదం పొట్లం. ఓరి దేవుడా! ఉపమాక గుడికి ఎల్లొచ్చింది, మొక్కుకోడానికి. నా కొట్టు కోసమే.

నువ్వు మాటాడకు బావా. నీకు దండం పెడతాను, ఏటీ అనకు. ఆ కిటికీ పక్క సిస్టం ఆన్ సెయ్యి. అదే ఆవిడకి అలవాటు.

రా పెద్దత్తా, రా. మెల్లిగా. ఇటు కూకో. కళ్ళజోడు తెచ్చేవా? ఆఁ, అదిగో, అదే మన బెల్లం. దాని మీదకి బాణం తీసుకెళ్ళు... ఇంకొంచెం... నొక్కు. సేసేవు బోణీ!

ఏటీ? ఇంకోపాలా?

ఎవరి పేర పెద్దత్తా?

... నా పేరా.

నొక్కు పెద్దత్తా. నొక్కు. నీ సెయ్యి మంచిది.