సుబ్బరావమ్మ విప్పిన జడలు

సాయంత్రం నాలుగున్నర అయింది. ఎండ తగ్గలేదు, ఆకు కదలడం లేదు, పడమర మాత్రం మబ్బు పట్టింది. ఈ ఉక్కలో పార్లరుకి పరుగేంటే ఆరాధనా? కూర్చో కాసేపు. ఏం చేయించుకుంటావ్, జుట్టు ఇస్త్రీయా? ఇస్త్రీ కాదూ, స్ట్రెయిటెనింగా. పేరేదైతేనేం, వేడి పెట్టి అణగ్గొట్టడమేగా. ఆ రింగులు ఎక్కణ్ణించి వచ్చాయనుకున్నావ్, ఈ నాయనమ్మ నీకిచ్చిన ఆస్తి అదొక్కటే. దాన్నీ కాల్చుకో. మన పక్కింటి సుబ్బరావమ్మక్క ఉంటే నీకు జవాబు చెప్పేది. నీకు గుర్తుండదులే, నువ్వప్పుడు గౌను వేసుకుని తిరిగేదానివి. ఆవిడ సవరాలు కట్టేది. సవరమంటే తెలీదా? ఇప్పుడు మీరు ఎక్స్‌టెన్షన్ అంటున్నారే, అదే. దువ్వుకున్నప్పుడు రాలిన చిక్కు జుట్టంతా చుట్టి దాచి ఆవిడకిస్తే, చిక్కు విడదీసి, కుదుళ్ళన్నీ ఒక పక్కకి చేర్చి, దారంతో బిగించి పాయ కట్టి ఇచ్చేది. నల్లపాడులో ఒకప్పటి పెళ్ళి ఫోటోలు చూడు, మోకాళ్ళ దాకా వేలాడే జడల్లో సగం అక్క చేతివే. పేర్లు చెప్పను. వాళ్ళ మొగుళ్ళు ఇంకా బతికే ఉన్నారు.

అక్క వాళ్ళ మేడమీది గదిలో ఒక పిల్ల అద్దెకి దిగింది. పలేసా. ఇక్కడ ఫార్మసీ చదవడానికి లెసోతో నుంచి వచ్చింది. కొండల దేశమంట, చలికాలం మంచు పడుద్దంట. ఆఫ్రికాలో మంచేంటే, పిచ్చిదాన్ననుకున్నావా అని అక్క చచ్చేదాకా నమ్మలేదు. ఆ పిల్ల తలనిండా పుల్లల్లాంటి సన్నటి జడలు, నూటికి పైనే ఉంటాయి. వీధిలో ఎవరెదురైనా సరే, ఆ జడలు పట్టుకుని లాగి చూడటమే. అక్కా లాగింది. నేనూ లాగాను, అబద్ధమెందుకు. నాలుగు రోజులు ఓర్చుకుని, అయిదో రోజు నెమ్మదిగా అంది, అడిగి పట్టుకోండి అమ్మమ్మా అని. ఇక చూస్కో, మర్నాటి నుంచి ఆ పిల్ల మెట్లు దిగితే చాలు, అక్క వీధంతా వినబడేట్టు అడిగేది, ఏమ్మా, ఇవాళ పర్మిషన్ ఉందా, సెలవా అని. ఆ పిల్ల కూడా తక్కువది కాదు, ఇవాళ ఆదివారం, ఆఫీసు లేదు అనేది. అట్లా ఒకరోజు పర్మిషన్ తీసుకుని పట్టుకున్న అక్క చెయ్యి అక్కడే ఆగిపోయింది. 'ఒసేయ్, ఇందులో సవరం ఉంది' అంది. దొంగని దొంగే కదా పట్టేది. పలేసా నవ్వుకుంటూ పైకెళ్ళి ఖాళీ ప్యాకెట్టు తెచ్చి చూపించింది. నన్ను చదవమంటే చదివాను, ఇండియన్ హెయిర్ అనుంది. అక్క ఎంత నవ్విందో. మనవాళ్ళు గుళ్ళో ఇచ్చిన మొక్కు జుట్టు సముద్రం దాటెళ్ళి, ప్యాకెట్టెక్కి, ఈ పిల్ల నెత్తిన కూర్చుని, తిరిగొచ్చి నల్లపాడు స్టేషన్లో దిగిందా అని.

అప్పట్నుంచి ఇద్దరికీ దోస్తీ. సాయంత్రమైతే అరుగు మీద కూర్చుని ఈవిడ సవరాలు కడుతుంటే ఆ పిల్ల పాయలు అందించేది. వచ్చీరాని తెలుగులో చెప్పేది. వాళ్ళవైపు కొన్ని జాతుల్లో జడ చూసే చెప్పేవాళ్ళంట, ఈమె ఏ ఊరిది, పెళ్ళయిందా, ఇంట్లో ఎవరన్నా పోయారా అని. మనుషుల్ని పట్టి ఓడల్లో అమ్మిన రోజుల్లో ముందు తలలు గొరిగేసేవాళ్ళంట. జడలోనే ఊరూ పేరూ ఉండేవి కదా, అది తుడిచేస్తే ఇక ఆ మనిషి ఎవరి మనిషీ కాదు. తల్లులు బిడ్డల జడల్లో వరిగింజలు దాచి పంపేవాళ్ళని కూడా ఒక కథ చెప్పుకుంటారంట, ఎక్కడ దిగితే అక్కడ చల్లుకుని బతుకుతారని. అది విని అక్క, మన గుంటూరోళ్ళయితే మిరపగింజలు పెట్టేవాళ్ళు, ఓడ దిగేలోపు తల మండి చచ్చేవాళ్ళు అంది. అని నవ్వింది గానీ, చేతిలో పాయ ఆ సాయంత్రం ఇక కట్టలేదు. ఆ పిల్లని వాళ్ళ బళ్ళో కూడా ఒద్దికగా లేదని దువ్వెన కాల్చి జుట్టు సాపు చేయించుకు రమ్మనేవాళ్ళంట. ఎవరికి చెప్తున్నానో అర్థమవుతుందా? సరే, మూతి అట్లా పెట్టకు.

రెండో ఏడు ఎండాకాలం. పలేసా పొద్దున్నే దిగొచ్చి, అమ్మమ్మా నాకు గుండు కావాలి అంది. అక్కకి వచ్చిన అనుమానమేంటో తెలుసా? పేలు. అంత బిగుతు జడల్లో పేలు పడకుండా ఎట్లా ఉంటాయే, నేను ముందే చెప్పలా అని తిట్టుకుంటూ లోపలికెళ్ళి పేన్ల దువ్వెన పట్టుకొచ్చింది. తల పట్టుకుని వంచింది కూడా. అప్పుడు ఆ పిల్ల, 'అన్న పోయాడు' అంది. అంతే. అక్క చేతిలో దువ్వెన కింద పడింది. వాళ్ళన్న పక్క దేశంలో గనిలో పనికెళ్ళాడంట, పైకప్పు కూలిందంట. మీ నాన్న అప్పుడే చీమకుర్తి గనుల్లో రాళ్ళ లారీ ఎక్కిన కొత్త. వెంటనే వాడికి ఫోన్ కొట్టాను. సరే, అది వదిలెయ్. పరీక్షలున్నాయి, టిక్కెట్టుకి డబ్బుల్లేవు, ఆ పిల్ల వెళ్ళలేదు. వాళ్ళింటి పద్ధతేంటంటే, మనిషి పోతే ఇంటిల్లిపాదీ తలలు తీయించుకుంటారు, ఆ జుట్టంతా ఒక్కచోట పాతిపెడతారు. అందరిళ్ళలోనూ అట్లా ఉండదంట, వాళ్ళింట్లో ఉంది. ఒక్కరిది తగ్గినా తల్లి దుఃఖం దించదు. ఇద్దరు చెల్లెళ్ళవీ అయ్యాయి, తల్లిదీ అయింది. ఈ పిల్లదే తక్కువ.

ఈ పిల్లేమో అప్పటికే గుంటూరులో మూడు సెలూన్లు తిరిగొచ్చింది. ఆడపిల్లకి గుండు కొట్టం, రేపు మీవాళ్ళొచ్చి గొడవ చేస్తే ఎవరు చెప్పాలి అన్నారంట. అక్క ఆలోచించి, ఆడదానికి గుండెందుకని అడగని చోటు మన దగ్గర ఒక్కటే ఉంది, పదండి గుడికి అంది. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ముగ్గురం కూర్చుని ఒక్కొక్క జడా విప్పాం. ఆ సవరం జుట్టంతా అక్క సంచిలో పెట్టుకుంది, పారెయ్యడం చేతకాని మనిషి కదా. మన వీధి సిలార్ ఆటో కట్టాడు. సండే స్కూలు చెప్పే నేను కల్యాణకట్టకి! పాస్టరమ్మ చూస్తుందని ముసుగేసుకున్నాను. చూడనే చూసింది, అది వేరే కథ. ఏ గుడో చెప్పను, ఆ కత్తి పట్టిన ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు, మంచివాడే పాపం. ముందు ఇంట్లో పెద్దది కత్తెర పెట్టాలంది ఆ పిల్ల. ఎవరు పెద్ద? అక్కే పెట్టింది. ఊళ్ళోవాళ్ళ జుట్టు జీవితమంతా కట్టిన చెయ్యే కోసింది. ఆయన మిగతాది తీశాడు. తీసి, జుట్టు బుట్టలోకి ఎత్తబోయాడు. పిల్ల రుమాలు చాపింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇక్కడ పడ్డ జుట్టు స్వామిది తల్లీ, గడప దాటకూడదు అన్నాడు. పద్ధతి పద్ధతే, ఆయన్ననడానికేం లేదు. ఆ పిల్ల అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది.

అక్క సంచి తీసి ఆయన ముందు పెట్టింది. 'అయ్యా, మొక్కినోళ్ళ జుట్టు స్వామిది. ఈ పిల్ల మొక్కుకోలేదు, అన్న పోతే వచ్చింది. స్వామిది స్వామికిస్తున్నా, ఇదిగో, సముద్రం దాటి తిరిగొచ్చింది. పిల్లది పిల్లకివ్వు' అంది. ఆయన సంచిలో చెయ్యి పెట్టాడు. వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. ఆయనకీ అదే పని కదా, తెలిసిపోయింది. ఇది మనవాళ్ళదే అన్నాడు. సంచి బుట్టలో బోర్లించి, పిల్ల వైపు చూడకుండా పక్కకి తిరిగి కత్తి నూరుకోవడం మొదలుపెట్టాడు. మేం గబగబా ఎత్తుకున్నాం. గుప్పెడు కూడా లేదు. చిన్న చిన్న స్ప్రింగుల్లాంటి జుట్టు, ముట్టుకుంటే వేలిని చుట్టుకునేది. అక్క దాన్ని పాత పట్టు జాకెట్టు ముక్కలో పెట్టి కుట్టేసింది. వాళ్ళ దేశమెళ్ళే పలేసా స్నేహితురాలి చేత పంపించారు. ఎయిర్‌పోర్టులో ఎవరన్నా అడిగితే సవరమని చెప్పు అని ఆ అమ్మాయికి పదిసార్లు నేర్పింది, ఢిల్లీలో సవరమంటే ఎవడికి తెలుసో.

నెల తర్వాత పలేసా వీడియో కాల్ చేసి ఫోన్ అక్క చేతికిచ్చింది. కొండ పక్కన ఒక పెద్దామె, నున్నటి తల. అక్క ఏం మాట్లాడాలో తెలీక, భోంచేశారా అండీ అంది. ఆమె ఒక్కో వేలూ ముడిచి ఏదో చెప్పింది. ఏంటే అంటే పలేసా చెప్పింది, లెక్క సరిపోయిందంటోంది, గనినుంచి తెచ్చినవాడితో కలిపి నా పిల్లలు నలుగురూ ఇంటికి చేరారంటోంది అని. అక్క ఫోన్ తిరిగివ్వలేదు. ఇద్దరూ అట్లాగే ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు, ఛార్జింగ్ అయిపోయేదాకా. ఆ పై ఏడే మన అక్క...

చినుకులు మొదలయ్యాయి. ఆ తలుపు తియ్యి. లారీనా? కాదులే, పాల వ్యాను. నువ్విక్కడున్నావు, ఒకరు. మీ అమ్మ స్కూలు నుంచి మూడింటికే వచ్చింది, ఇద్దరు. ఉండు, మాట్లాడకు... గేటు. తల తడిపేసుకున్నాడు చూడు మీ నాన్న. ఫిలిప్. ముగ్గురు.