తెలుపు చాలు

నగలకు పూత వేసే కొట్టులో ఒకామె వేలి ఉంగరం తీసి బల్ల మీద పెట్టింది. పూత వేసే ముసలాయన దాన్ని దీపం కింద తిప్పి చూశాడు.

"మొన్ననే కదమ్మా వేశాను. అప్పుడే పసుపు తేలిందేం?"

"రోజూ మా ఆయన్ని కడగాలి, తుడవాలి, దుప్పట్లు ఉతకాలి. ఇంకేం నిలుస్తుంది బాబాయ్?"

"తెల్ల బంగారానికి తెలుపంతా పైపూతేనమ్మా, లోపల ఇలాగే ఉంటుంది. పసుపైతే వచ్చిన నష్టమేముంది? అలాగే పెట్టుకో."

"ఆయనకి నా మొహం గుర్తులేదు. ఈ ఉంగరం చూసే నేనని నమ్ముతారు. పొద్దున నా చెయ్యి తోసేశారు. 'మా ఆవిడది తెల్లది, నువ్వెవరు?' అన్నారు."

"పూతకి ముందు మెరుగు పెట్టాలమ్మా. అంటే పైన కాస్త అరగదియ్యాలి. ఇది ఇప్పటికే రేకులా ఉంది. ఈసారి విరుగుతుంది."

"విరిగితే నేనెవర్ని బాబాయ్?"

"సరే, మెరుగు పెట్టకుండానే వేస్తాను. గీతలు పోవు, తళుకు రాదు. తెల్లగా మాత్రం ఉంటుంది."

"తళుకు ఎవడిక్కావాలి! తెలుపు చాలు."

"రేపు రా."

"రాత్రికి అన్నం పెట్టాలి."

"ఇంట్లో ఇంకెవరూ లేరా?"

"మా ఆడపడుచు ఉంది. ఆవిణ్ణి మాత్రం చక్కగా గుర్తుపడతారు, చూడు నా రాత!"

"ఆవిడ పెడితే తినడా?"

"తింటారు. శుభ్రంగా తింటారు. అందుకే ఇవాళే కావాలి."

ముసలాయన ముందున్న వేరేవాళ్ల గాజులు పక్కకు జరిపి, పూత నీళ్లు వేడికి పెట్టాడు.

"ఆ కుర్చీలో కాస్త నడుం వాల్చు తల్లీ. అయ్యాక లేపుతాను."